వదిన సాక్ష్యం

జనవరి 22, 1968

తహసీల్దారు గారు కబురు పెడితే వెళ్ళాను. వచ్చే నెల పార్లమెంటు కమిటీ సాలూరు వస్తోందట. సరుకు రైల్లో పోవాలా, లారీల్లో పోవాలా, రోడ్లకెంత ఇవ్వాలి, పట్టాలకెంత ఇవ్వాలి, నష్టంలో నడిచే చిన్న లైన్లు ఉంచాలా పీకెయ్యాలా అని దేశమంతా తిరిగి విచారిస్తున్నారట. మా బొబ్బిలి-సాలూరు లైను కూడా అందులో ఉంది. ఇక్కడివాళ్ళు తెలుగులో చెప్పేది వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలి. నా పేరు రాశారు.

రాయమన్నది రంగనాథం గారట. లారీ యజమానుల సంఘానికి ఆయన ప్రెసిడెంటు. మా హైస్కూలు కమిటీకీ ఆయనే. ఒక టెంపరరీ మేష్టరు పేరు ఆయనకి గుర్తుందంటే చిన్న విషయం కాదు.

ఇంట్లో చెప్తే తాయారు ముఖం వెలిగింది. గడపలో కూచుని చేటతో బియ్యం చెరుగుతున్న వదిన అడిగింది: "పార్లమెంటంటే ఢిల్లీయేనా?"

ఔనన్నాను.

"ఢిల్లీవోళ్ళకి మన గనపతి సెప్తాడా!" అని నా పెళ్ళాం కంటే ఎక్కువ సంబరపడింది.

జనవరి 27

గూడ్సు గుమస్తా నరసింగరావు వచ్చాడు. రైల్వే యూనియన్ పనులు చూసేది అతనే. నాకోసం వచ్చాడనుకున్నాను. వదినకోసం వచ్చాడు.

"తవిటమ్మా, లారీ కిరాయి చవకని షావుకార్లందరూ సరుకు లారీకే ఎత్తుతున్నారు. అదెందుకు చవకో ఎవరూ అడగరు. బండి మొయ్యలేనంత ఎత్తుతారు. డ్రైవర్ని పడుకోనివ్వరు. పాడైన బండి బాగు చెయ్యరు. ఆ చవకంతా మీ ఆయన ప్రాణంలోంచి వచ్చింది. ఆ మాట నువ్వు కమిటీ ముందు చెప్పాలి. చెప్తే మా లైను నిలుస్తుంది, మీ ఆయన పేరూ నిలుస్తుంది."

"నాకు బయమేస్తాది బాబూ. ఏటడుగుతారో, ఏటి సెప్పాలో" అంది వదిన. తర్వాత నావైపు చూసింది. "ఇంగ్లీసులో సెప్పేది మా గనపతేనట కదా. అలాగైతే సెప్తాను."

నరసింగరావుని వీధి దాకా సాగనంపాను.

జనవరి 28

అన్నయ్య పోయింది కిందటి ఆషాఢంలో. ఆ పొద్దున్న బండెక్కే ముందు ఇంటికొచ్చి చద్దన్నం తిన్నాడు. నేను అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. లోపల వదినతో అన్న మాట నాకూ వినబడింది.

"బ్రేకు పట్టడం నేదే. సెప్తే, నువ్వు కాపోతే ఇంకోడు నడుపుతాడు, తాళం అక్కడెట్టి పో అన్నాడు షావుకారు."

షావుకారంటే రంగనాథం గారు. అన్నయ్య నడిపేది ఆయన లారీయే. ఆ రోజే మధ్యాహ్నం కోనవలస దాటాక ఘాటీ కొండదారిలో బండి లోయలో పడింది. తాగి నడిపాడని పోలీసులు రాశారు. మా అన్నయ్య అప్పలసూరి సారా ముట్టడని ఊరందరికీ తెలుసు. సారా కొట్టున్న వీధిలోంచి కూడా నడిచేవాడు కాదు. నా బి.ఏ. చదువు పూర్తయింది అతను నడిపిన బండి మీదే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలీదు.

ఫిబ్రవరి 1

రంగనాథం గారు లారీ ఆఫీసుకి పిలిపించారు. కుర్చీ వేయించారు. కాఫీ తెప్పించారు. బయట బండికి చింతపండు బస్తాలు ఎత్తుతున్నారు.

"మీ వదిన గారు సాక్ష్యం చెప్తారటగా మాస్టారూ. చెప్పుకోనీండి పాపం. మొగుడు పోయిన మనిషి, కడుపులో మంట ఉంటుంది, ఏవో అంటుంది. అన్నవన్నీ అన్నట్టుగా పెద్దవాళ్ళ ముందు పెడతామా? కాస్త సర్దుకుని చెప్పాలి. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పేదేముంది?"

ఆయన గొంతు పెంచలేదు. నేను లేస్తుంటే, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నారు: "అన్నట్టు జూన్లో స్కూలు కమిటీ కూచుంటోంది. ఇంగ్లీషుకి టెంపరరీలు ఇద్దరున్నారు, పోస్టు ఒకటే కదా."

నేను ఏ మాటా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 4

తాయారుకి నాలుగో నెల. తనకి కోపం రాకూడదని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఈ వేళ వదిన నూతి దగ్గరున్నప్పుడు నామీద విరుచుకుపడింది.

"ఆవిడికి పిల్లా జెల్లా నేరు. సాక్ష్యం సెప్పీసి ఈదిలో నిలబడినా అడిగేవోడు నేడు. నీకు ఉద్యోగం పోతే నేనెక్కడ నిలబడను? ఈ కడుపుతోటి?"

వదినతో మాట్లాడి చూశాను. సాక్ష్యం మానెయ్యమన్నాను. ఆవిడ చేతిలో బిందె కింద పెట్టింది.

"నువ్వొద్దంటే మానీసీదాన్నే గనపతీ. కానీ మీ అన్నియ్య తాగి సచ్చిపోనాడని కాయితం మీద రాసున్నాది. అది అలాగుంటే నాను అన్నం ఎలాగ తినను?"

నేను మళ్ళీ అడగలేదు. రంగనాథం గారికి నేను ఏ మాటా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 6

పేపర్లు దిద్దేటప్పుడు మనిషి ధ్యాస పేపర్ల మీదుంటుంది. లోపలి గదిలో మాటలు సగం సగం వినబడతాయి. ఆ పొద్దున్న నేను విన్నది సరిగ్గా విన్నానా అన్నది కూడా ఆలోచించాలి.

ఫిబ్రవరి 9

ఘాటీ మీద నడిపేవాళ్ళలో తాగనివాడు ఉండడని స్టాఫ్ రూములో హెడ్మాస్టరు గారన్నారు. నిజమే అయ్యుండొచ్చు. అన్నయ్య బండిలో నేనెప్పుడూ ఘాటీ ఎక్కలేదు. ఆ చలిలో, ఆ వానలో, పైన ఏ సుంకి గ్రామం దగ్గరో ఆపి ఏం చేసేవాడో నేను చూశానా? ఇంటి దగ్గర తాగలేదంటే ఎక్కడా తాగలేదనా?

ఫిబ్రవరి 12

అయిపోయింది.

ట్రావెలర్స్ బంగళాలో జరిగింది. ఛైర్మను ఉత్తరాది ముసలాయన, శాలువా కప్పుకుని కూచున్నారు. పక్కన ఒరిస్సా మెంబరు ఒకాయన కిళ్ళీ నములుతూ. ఇంకా ముగ్గురు. చెప్పిందంతా రాసుకునే మనిషి ఒకడు. సాక్షుల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మిగతావాళ్ళు బయట మామిడిచెట్ల కింద. లారీ సంఘం తరపున వచ్చిన ప్లీడరు ఇంగ్లీషులోనే మాట్లాడాడు, నా అవసరం పడలేదు. రైల్వేలని కాపాడ్డానికి లారీలకి దూరం పరిమితులు పెట్టడం అన్యాయం అన్నాడు. తర్వాత నరసింగరావు వెళ్ళి తన ముక్క చెప్పుకుని బయటికొచ్చాడు.

తర్వాత వదిన.

ఉతికిన నేత చీర కట్టుకుంది. కుర్చీలో కూచోనంది. ఛైర్మను గారు చేత్తో సైగ చేస్తే అంచున కూచుంది. కమిటీ వైపు ఒక్కసారి దండం పెట్టి, ఇక అక్కణ్ణుంచి నన్నే చూసి మాట్లాడింది. ఇంట్లో మాట్లాడినట్టే.

"రాయపూరు ఎల్లి, సరుకు దించి, మళ్ళీ ఎత్తుకుని వచ్చీసీవోడు బాబూ. ఇంటికొస్తే కూకున్న కాడే నిద్దరోయీవోడు. కంచం ముందరే. కబురొస్తే మళ్ళీ లెగిసి ఎల్లిపోయీవోడు. ఎల్లనంటే బండి ఇంకోడికిచ్చీస్తారు. ఆ పొద్దున్న బ్రేకు పట్టడం నేదన్నాడు. షావుకారికి సెప్పినాడు. తాళం అక్కడెట్టి పో అన్నాడు షావుకారు. నా సేతి అన్నం తిని ఎల్లినాడు. ఆడి నోట వాసన నాకు తెలీదా? తాగినోడైతే నాను పంపుతానా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె భర్త రాయపూర్ మార్గంలో లారీ నడిపేవాడనీ, తిరిగొచ్చి ఇంట్లో విశ్రాంతి తీసుకునేవాడనీ, పని విషయంలో యజమానితో ఏదో మాటపట్టింపు ఉండేదనీ, చివరి రోజు ఇంట్లోనే భోంచేసి వెళ్ళాడనీ. అంతా ఆవిడ అన్నదే. కొంచెం చిన్నది చేశాను. తర్జుమా అంటే అంతే కదా.

ఛైర్మను గారు కాగితం ఒకటి చూసి నన్నడిగారు: పోలీసు రికార్డులో ఇతను మత్తులో ఉన్నాడని ఉంది. ఇతనికి తాగే అలవాటుందా? ఆమెని అడగండి.

అందరూ నాకోసం చూస్తున్నారు. బయట రంగనాథం గారి కారు తలుపు వేసిన చప్పుడైంది. ఆయనదే అయ్యుండకపోవచ్చు.

నేను వదినతో అన్నాను: "అన్నయ్య ఒళ్ళు దాచుకోకుండా కష్టపడేవాడా అని అడుగుతున్నారు."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఛైర్మను గారి వైపు తిరిగి గట్టిగా తలూపింది.

"ఔను బాబూ. రోజూ. పండగనాడు కూడా మానీవోడు కాడు."

అది నేను అక్షరం మార్చకుండా చెప్పాను. అవును. రోజూ. పండుగ రోజున కూడా మానేవాడు కాదు.

ఛైర్మను గారు అయ్యో అన్నట్టు తల ఆడించారు. రాసుకునేవాడు రాసుకున్నాడు. ఆవిడ నిజం చెప్పినందుకు మెచ్చుకుంటున్నామని చెప్పమన్నారు. అదీ ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

కాఫీలప్పుడు ఒరిస్సా మెంబరు వరండాలో నా పక్కకొచ్చి నిలబడ్డాడు. కిళ్ళీ ఉమ్మి, తెలుగులో అన్నాడు. చక్కటి తెలుగు, బరంపురం యాస.

"జవాబు ఒక్క ముక్క మార్చలేదు మీరు. ప్రశ్న బాగా మార్చారు."

కాఫీ తాగకుండానే కప్పు వరండా గోడ మీద పెట్టేశాను. ఆయన నవ్వాడు.

"కంగారెందుకు? మా ఇంట్లోనూ లారీలున్నాయి. జయపురం వస్తే కనబడండి."

ఫిబ్రవరి 13

వదిన పొద్దున్నే లేచి నాకిష్టమని గుమ్మడికాయ పులుసు పెట్టింది. పొరుగువాళ్ళందరికీ చెప్పింది, ఢిల్లీ పెద్దాయన తన మాట విని తల పంకించాడని, మెచ్చుకున్నాడని.

"నాను సెప్పిందంతా సెప్పీసినావు కదా గనపతీ?"

"అంతా చెప్పాను."

"ఇంక తుడిసేస్తారు. కాయితం మీద రాసింది తుడిసేస్తారు."

తాయారు నా కంచంలో ఇంకో గరిటె పులుసు వేసింది. తల ఎత్తలేదు. తనకి ఏమీ చెప్పలేదు నేను. చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 21

అన్నయ్య తాగేవాడు. కొద్దిగా అయినా తాగే ఉంటాడు. లేకపోతే రోజూ తిరిగిన రోడ్డు మీద ఎవడైనా పడతాడా?

మార్చి 5

ఇంగ్లీషు పేపర్లో పడిందట. కమిటీ చాలా ఊళ్ళు తిరిగిందనీ, లారీ ప్రమాదాలకి డ్రైవర్ల తాగుడే ముఖ్య కారణమని సాక్ష్యాలు వచ్చాయనీ, ఒక డ్రైవరు భార్య స్వయంగా తన భర్త రోజూ, పండుగనాడు కూడా తాగేవాడని ఒప్పుకుందనీ. నరసింగరావు ఆ పేపరు స్టేషన్లో వదినకి చదివి వినిపించాడు. వినిపించి తిట్టాడట. "నీకోసం నేను యూనియన్లో మాటిచ్చాను. మా కేసంతా నువ్వు ముంచేశావు. అలాగనాలని షావుకారు నీకేం పెట్టాడే?" అని ప్లాటుఫారం మీద, అందరి ముందూ.

నేను ఎస్సెస్సెల్సీ క్లాసులో ఉన్నాను. గుమ్మంలో వదిన. ఇంతవరకు ఆవిడ స్కూలు గేటు దాటి రాలేదు. చెప్పుల్లేవు. కొంగు జారినట్టు కూడా తెలీదు ఆవిడకి.

అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గనపతీ, నాను ఔనన్నాను. ఔనన్నది నాకు గుర్తున్నాది. దేనికి ఔనన్నాను?"

"ఇంటికెళ్ళు వదినా. వచ్చి మాట్లాడతాను."

"ఆ పెద్దాయన నన్నేటడిగేడు? ఆయన అడిగిన మాటే మళ్ళీ నన్నడుగు. ఈ పిల్లలందరి ముందరా అడుగు. నాను జవాబు సెప్తాను."

క్లాసంతా నన్ను చూస్తోంది. ముందు బెంచీలో రంగనాథం గారి తమ్ముడి కొడుకున్నాడు.

"ఆవిడకి ఒంట్లో బాగులేదు. మతి చెదిరింది. బయటికి తీసుకెళ్ళండి" అన్నాను.

వెనక బెంచీవాళ్ళు ఇద్దరు లేచి చెరో రెక్కా పట్టుకున్నారు. ఆవిడ పెనుగులాడలేదు. గుమ్మం దాటేదాకా తల వెనక్కి తిప్పి నన్నే చూసింది. ఆ రెక్కలు పట్టుకున్నవాళ్ళలో ఒకడు నవ్వాడు. మిగతావాళ్ళు అందుకున్నారు.

పాఠం పూర్తి చేశాను.

మార్చి 7

తాయారు వదిన ట్రంకుపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది. నేను పెట్టమనలేదు. తీసి లోపల పెట్టనూ లేదు.

వదిన పెట్టె కూడా పట్టుకెళ్ళలేదు.

మార్చి 15

ఊళ్ళో పిచ్చి తవిటమ్మ అంటున్నారు. బజార్లో ఎవరు కనిపించినా నిలేసి, "మా ఆయన తాగనోడు, రాసుకోండి" అంటోందట. పిల్లలు వెంటపడి "రాసుకున్నాం, రాసుకున్నాం" అని అరుస్తున్నారట. నరసింగరావుకి జాలేసి స్టేషన్లో పడుకోనిచ్చాడన్నారు. తర్వాత పై ఆఫీసరు వచ్చి వెళ్ళగొట్టాడన్నారు.

ఒకసారి వెళ్ళి చూద్దామనుకున్నాను. పరీక్షల పని.

ఏప్రిల్ 2

ఇప్పుడు బజార్లో కనబడటం లేదట. పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళారేమో. ఆవిడకి పుట్టింట్లో ఎవరూ లేరు. దూరపు చుట్టాలు ఎవరైనా ఉండొచ్చు.

జూన్ 14

స్కూలు కమిటీ కూచుంది. నన్ను ఖాయం చేశారు. రెండో టెంపరరీ మేష్టరు నాకు చెయ్యిచ్చి అభినందించి, గుమ్మం దాటాక చేతిని పంచెకి తుడుచుకున్నాడు. చెమట పట్టి ఉంటుంది.

తాయారుకి చెప్తే "సరే" అంది. అంతే అంది. దేవుడి దగ్గర దీపం పెట్టమన్నాను. పెట్టింది.

జూన్ 20

లారీలకి దూరం పరిమితులు పెట్టొద్దని కమిటీకి పంపడానికి రంగనాథం గారు ఒక మహజరు ఇంగ్లీషులో రాసిపెట్టమన్నారు. రాశాను. దాన్ని జయపురంలో ఒరిస్సా మెంబరు గారికి స్వయంగా ఇచ్చి రమ్మన్నారు. రంగనాథం గారి లారీలోనే, డ్రైవరు పక్కన కూచుని వెళ్ళాను. ఘాటీ ఎక్కడం ఇదే మొదటిసారి. డ్రైవరు గంగులు. అన్నయ్యతో కలిసి పనిచేసిన మనిషి.

సగం ఎక్కాక రోడ్డు పని జరుగుతోంది. కమిటీ వచ్చి వెళ్ళాక హడావిడిగా మొదలెట్టిన మరమ్మతు. కాంట్రాక్టు రంగనాథం గారి బావమరిదిది. తట్టలవాళ్ళు అడ్డం ఉంటే గంగులు బండి ఆపాడు. రోడ్డు పక్కన ఆడవాళ్ళు వరసగా కూచుని రాళ్ళు కొడుతున్నారు. ఒకావిడ సుత్తి ఎత్తి, కొట్టకుండా, బండి వైపు చూసింది. ఒళ్ళు నల్లగా ఎండిపోయింది. వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుంది.

గంగులు గొంతు తగ్గించి అన్నాడు: "సూసినారా బాబూ, అప్పలసూరన్న పెళ్ళాం."

"ఎవరో. నాకు తెలీదు" అన్నాను.

ఎందుకన్నానో నాకే అర్థం కాలేదు. నోట్లోంచి వచ్చేసింది. గంగులు నా వైపు పూర్తిగా తిరిగి చూశాడు. తర్వాత బండి కదిలించాడు. జయపురంలో దిగేటప్పుడు నా సంచీ అందివ్వలేదు, కిందకి విసిరాడు.

మెంబరు గారు బాగా ఆదరించారు. భోజనం పెట్టారు.

జూన్ 28

తాయారుని పురిటికి తీసుకెళ్ళడానికి మామగారు శ్రీకూర్మం నుంచి వచ్చారు. బస్సు కుదుపు పడదని రైలే నయమన్నారు. స్టేషనుకి వెళ్ళి ఎక్కించాను. నరసింగరావు కిటికీలోంచి చూసి ముఖం తిప్పుకున్నాడు.

మామగారు మంచినీళ్ళకి దిగారు. తాయారు కిటికీ పక్కన కూచుని పొట్ట మీద చెయ్యేసుకుని ఉంది. ఈ మధ్య నాతో ఎక్కువగా మాట్లాడటం లేదు. అలసట అనుకున్నాను.

"ఒకటడగనా?" అంది.

"అడుగు."

"పురిట్లో నాకేటైనా అయితే, అడిగినోళ్ళకి నా గురించి ఏటి సెప్తావు?"

నవ్వాను. "పిచ్చి మాటలు మాట్లాడకు. ఎవరడుగుతారు? ఏమడుగుతారు?"

"మీ వదిన్ని పొమ్మని పెట్టె బయటెట్టింది నేనే. ఆ పాపం నాది, నేనే మోస్తాను. కానీ పొద్దున్న మా నాన్నకి ఒకటి సెప్పీసినాను. నాకేటైనా అయితే, ఏటి జరిగిందో ఈయన్ని మాత్రం అడగొద్దు, ఈయన సెప్పింది ఇనొద్దు అని."

ఏదో అనబోయాను. మామగారు చెంబుతో వచ్చి ఎక్కారు. నన్ను చూసి, ఎప్పుడూ అల్లుడుగారూ అని పిలిచే మనిషి, ఏమీ పిలవకుండా, కూతురి పక్కన కూచుని కిటికీ రెక్క సగానికి దించారు.

బండి బొబ్బిలి వైపు కదిలింది. ఇంటికొచ్చి అన్నం నేనే వండుకున్నాను. అడుగంటింది.